ఖాళీ అన్న మాటకు ఆయుష్షు

కొత్త కోటు తొడుక్కుని, అద్దంలో ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసుకుని, గడియారాల ఇంజనీరు చచ్చిపోయాడు.

ట్రయల్ రూము తలుపు ఎంతకీ తెరుచుకోకపోవడంతో దర్జీ ముందు దగ్గాడు, తర్వాత తట్టాడు, చివరికి భుజంతో నెట్టి గడియ విరగ్గొట్టాడు. లోపల మనిషి స్టూలు మీద కూర్చున్నట్టే ఉన్నాడు. కోటు అతికినట్టు సరిపోయింది. కాలరు లోపలి మడతలో మాత్రం ఒక గుండుసూది ఉంది, దాని మొనకు పచ్చటి జిగురు అంటుకుని ఉంది. తన దుకాణంలో నల్లతల సూదులు తప్ప వాడరని దర్జీ ఒట్టు పెట్టుకుని మరీ చెప్పాడు.

ఆ మాట శ్రద్ధగా విన్నవాడు ఒక్కడే. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన గిరాకీలా కౌంటరు పక్కన నిలబడ్డ సన్నటి మనిషి. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని పిచ్చుక అంటారు, ఏ చూరులోనైనా దూరగలడని. ఇంట్లో మాత్రం అతను బీమా ఏజెంటు. అందులో ఏజెంటన్న రెండో మాట నిజమే కనుక పెళ్ళానికి పూర్తి అబద్ధం చెప్పలేదని తన మనసుకు తనే సర్దిచెప్పుకుంటూ ఉంటాడు.

ఆనకట్ట యంత్రాల్లో గడియారాలు చూసే ఆ ఇంజనీరు ఉదయమే డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేశాడు. ఆనకట్ట గేట్ల నెట్‌వర్కు గురించి ఒక సంగతి చెప్పాలి, ఫోన్లో కుదరదు, దర్జీ దుకాణానికి మనిషిని పంపమన్నాడు. పిచ్చుక వచ్చాడు. సంగతి మాత్రం చెప్పేవాడితోనే పోయింది.

డిపార్ట్‌మెంటు ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనక ఉంది. కౌంటరు మీద అమ్మాయి తల ఎత్తకుండానే, దూరం కనిపించడం లేదా, దగ్గర కనిపించడం లేదా అని అడిగింది. పక్కనున్నవాడే కనిపించడం లేదని పిచ్చుక జవాబు చెప్పాడు. అద్దాల బీరువా పక్కకు జరిగింది.

పెద్దసారు కుర్చీలో లేడు, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడి మాట్లాడాడంటే వ్యవహారం ముదిరిందని అర్థం. రెండు దేశాల మధ్య పారే నది మీద మన ఆనకట్ట. నీళ్ళ ఒప్పందం మీద సంతకాలకు ముందు, రెండు వైపుల ఇంజనీర్లూ కలిసి ఆనకట్ట కింద సొరంగంలో నడిచి తనిఖీ చేయాలి. ఆ తనిఖీ ఈ మధ్యాహ్నమే. సొరంగం తల దగ్గర పై గేటు ఉంది. లోపల మనుషులుండగా ఆ గేటు లేచిందంటే నీళ్ళు విరుచుకుపడి ఒక్కరూ మిగలరు. ఆ తర్వాత సంతకాలు పెట్టేది సరిహద్దు మీద తుపాకులే. మూడో దేశం ముఠా ఒకటి సరిగ్గా దానికోసమే ఊళ్ళో దిగిందని కబురు.

"తనిఖీ ఆపించండి," అన్నాడు పిచ్చుక.

"కారణం ఏం చెప్పాలి? దర్జీ దుకాణంలో సూది దొరికిందనా? మనం ఆపితే ఏదో దాస్తున్నామంటారు. ఒప్పందం అలాగైనా పోతుంది. ముఠాకు రెండూ లాభమే." పెద్దసారు కిటికీ తెర లాగాడు. "తనిఖీ బృందాన్ని నడిపించే ఇంజనీరు ఎవరో నీకు చెప్పనక్కర్లేదుగా."

అక్కర్లేదు. పొద్దున టిఫిను బల్ల దగ్గర హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, సాయంత్రం త్వరగా వస్తానని చెప్పి వెళ్ళింది అతని భార్య.

"నిన్ను ఈ పని మీద పంపడం రూలు ప్రకారం తప్పు," అన్నాడు పెద్దసారు. "కానీ ఆ గేట్ల నెట్‌వర్కులో తప్పు జరగదని రుజువు చేసి సంతకం పెట్టినావిడతో మాట్లాడగలిగిన మనిషి నా దగ్గర ఇంకొకడు లేడు. మీ అత్తగారు."

పిచ్చుక సరిహద్దులు దాటినవాడు, గోడలు దూకినవాడు. అత్తగారి గడప మాత్రం భార్య వెంట లేకుండా ఎన్నడూ దాటలేదు.

అత్తగారి ప్రయోగశాలలో యంత్రాలు తక్కువ, తెల్లబోర్డులు ఎక్కువ. ప్రయత్నించి చూశాం, పనిచేసింది అనేవాళ్ళను ఆవిడ గది గడప తొక్కనివ్వదు. పనిచేసిందంటే ఆ ఒక్కసారి పనిచేసిందని అర్థం, ఎప్పటికీ పనిచేస్తుందనడానికి రుజువు కావాలి, అదీ ఆవిడ పంతం. అలాంటి రుజువులు రాయడమే నలభై కాలేజీల్లో బోధించే విద్యగా మారేంత కాలం ఆవిడ ఆ పని చేసింది.

తను నిజంగా చేసే ఉద్యోగం ఏమిటో చెప్పడానికి పిచ్చుక గొంతు సవరించుకున్నాడు. ఆవిడ చేత్తోనే ఆపింది.

"మీరు బీమా ఏజెంటు కాదని పెళ్ళయిన కొత్తలోనే తెలుసు అల్లుడుగారూ. ఇన్నేళ్ళలో నాకు ఒక్క పాలసీ అంటగట్టబోలేదు. అత్తగారిని వదిలిపెట్టే బీమా ఏజెంటు లోకంలో ఉండడు. ఇంతకంటే రుజువేం కావాలి? విషయం చెప్పండి."

చెప్పాడు. ఆవిడ ముఖం మారలేదు. బోర్డు దగ్గరికి నడిచి, గేట్ల నెట్‌వర్కు ఎలా నడుస్తుందో పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. అందులో ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అనే ఆజ్ఞలు ఉండవట. అంతా నియమాలే. ఫలానాది నిజమైతే ఫలానాది నిజం, అంతే. ఆనకట్టలో అక్కడక్కడా ఉన్న ప్రతి పోస్టులోనూ ఒక కంప్యూటరు పెట్టె ఉంటుంది, తనకు తెలిసిన నిజాలను పక్క పోస్టులకు చెబుతూ ఉంటుంది. సొరంగం ఖాళీగా ఉన్నంతసేపూ కింది పోస్టు ఖాళీ, ఖాళీ అని పైకి కబురు పంపుతూనే ఉంటుంది. మనిషి అడుగుపెట్టగానే ఆ కబురు ఆపేస్తుంది. పాల ప్యాకెట్టు మీద తేదీలాగా ప్రతి కబురుకూ ఒక ఆయుష్షు. కొత్తది రాకపోతే పాత ఖాళీ కాసేపట్లో చచ్చిపోతుంది. ఆ ఖాళీ బతికుండగా నీళ్ళు గోడ మీది ఎర్ర గీత తాకితే పై గేటు దానంతటదే లేస్తుంది. ఖాళీ చచ్చాక లేవదు. నీళ్ళు ఎర్ర గీత తాకినా సరే, లేవదు.

తీగ తెగినా, కింది పోస్టు కాలిపోయినా, కబుర్లు దారి తప్పినా గేటు మూసే ఉంటుందని ఆవిడ నిరూపించింది. ఆ రుజువును ముగ్గురు పండితులు తిరగేసి చూశారు, ఒక యంత్రం వరసవారీగా సరిచూసింది.

"మరి మీరు ముందే ఒప్పుకుని మొదలుపెట్టినవి ఏమైనా ఉన్నాయా అత్తయ్యా? అనుకున్నవి?"

"అనుకోవడాలు నా దగ్గర ఉండవు," అందావిడ, కాస్త గట్టిగానే.

పిచ్చుక సెలవు తీసుకుని బయటపడ్డాడు. ఆవిడ చెప్పింది అర్థమైంది, నమ్మకమూ కుదిరింది. అయినా ఆ సూది గుచ్చినవాళ్ళు చేతగానివాళ్ళలా కనిపించడం లేదు, అదే అతన్ని తొలిచేస్తోంది.

ముఠా సంగతులు చెప్పే మనిషిని కలవాల్సిన హోటల్ లాబీలో పియానో మోగుతోంది. తెల్లమీసాలు, చెవి మిషను, వణికే చేతికర్రతో పిచ్చుక ఒక మూల సోఫాలో కూలబడ్డాడు. ఆకుపచ్చ గౌనులో ఒకామె వచ్చి పక్క సోఫాలో కూర్చుంది. లాబీలో మగవాళ్ళ తలలు అటు తిరిగి, భార్యలను చూసి మళ్ళీ ఇటు తిరిగాయి. డిపార్ట్‌మెంటు ఫైళ్ళలో ఆమె పేరు సంపెంగ. ముఠా ఫైళ్ళలో ఆమెకు ఇంకో పేరుందని అందరికీ తెలుసు.

"పియానో శ్రుతి తప్పింది," అన్నాడు ముసలాయన.

"వాయించేవాడు మంచివాడే," అంది సంపెంగ. పరిచయాలు పూర్తయ్యాయి. ఆమె లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. అది తిరుగుతున్నంతసేపు చుట్టుపక్కల ఏ మైకూ పనిచేయదు.

ఆమె సంగతి నాన్చలేదు. ఎగువ దేశంలో ముఠా మనిషి ఒకడు చిన్న ఆనకట్ట తూము ఎత్తేశాడు, నీళ్ళు వస్తున్నాయి, మధ్యాహ్నానికి ఎర్ర గీత తాకుతాయి. నియమాల జోలికి మాత్రం వాళ్ళు పోలేదట, ఒక్క అక్షరం ముట్టుకోలేదట. పై గేటు గదిలో ఒక గడియారం మార్చారు, అంతే. అది గడియారాల ఇంజనీరు కంట్లో పడింది, అందుకే అతనికి ఆ సూది.

ఇదంతా తనకెందుకు చెబుతోందని పిచ్చుక అడిగాడు.

"రెండు వైపులా జీతం తీసుకుంటున్నాను. రెండు వైపులా పని చేయొద్దూ?" అని నవ్వి, లిప్‌స్టిక్ మూత పెట్టేసి వెళ్ళిపోయింది.

కారులో మీసాలు పీకేస్తూ పిచ్చుక అత్తగారికి ఫోన్ చేసి గడియారం సంగతి చెప్పాడు.

"ఎలాంటి గడియారం?" అని ఆవిడ అడిగింది. "తప్పు టైము చూపించేదా, ఆగిపోయినదా?"

"అది తెలీదు."

"ఆగిపోయిందే అయ్యుంటుంది. కాలం నడవకపోతే ఆయుష్షు తరగదు. ఆ పై గేటు పెట్టెలో ఖాళీ అన్న మాట చావదు బాబూ. పిల్ల లోపల నడుస్తుంటే కూడా సొరంగం ఖాళీ అనే అనుకుంటూ ఉంటుంది." ఆవిడ మార్కరును బల్ల మీద పడేసిన చప్పుడు వినిపించింది. "గడియారాలు నడుస్తాయని అనుకున్నాను. అది అనుకోవడమని కూడా నాకు తోచలేదు. గడియారం అన్నాక నడవదా?"

పెద్దసారు కింది ద్వారానికి మనుషుల్ని పంపాడు. తనిఖీ బృందం అప్పటికే లోపలికి వెళ్ళి తలుపు బిగించుకుంది, రాతి కింద ఫోన్లు పనిచేయవు, లోపలిదాకా నడిచి వాళ్ళను వెనక్కి తేవాలంటే చాలా సేపు పడుతుంది. నీళ్ళు అంతసేపు ఆగవు. పిచ్చుక కారును ఆనకట్ట వైపు తిప్పాడు. దారంతా అతని కళ్ళ ముందు ఒకటే కనిపించింది, హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్న చేతులు. దేశం, ఒప్పందం, సరిహద్దు అన్నీ ఆ చేతుల వెనక ఎక్కడో ఉన్నాయి. అందుకు అతనికి సిగ్గు కూడా వేయలేదు.

గ్రీజు మరకల నీలం చొక్కా, చేతిలో నూనెడబ్బాతో మెకానిక్‌లా ఆనకట్ట మీదికి ఎక్కాడు. గేటు గది ముందు కాపలావాడు నిద్రపోతున్నాడు. అది మామూలు నిద్ర కాదని పక్కనే ఒలికిన కాఫీ చెప్పింది. లోపల నేలనుంచి నడుమెత్తు దాకా ఒకే ఇనుప పెట్టె, పైన చిన్న తెర, కీబోర్డు. తెర మీద ఒకటే మాట వెలుగుతోంది: ఖాళీ. కిటికీలోంచి చూస్తే నీళ్ళు గోడ మీది ఎర్ర గీతకు జానెడు కింద ఉన్నాయి.

"గడియారం కార్డు పీకేయనా?" అని చెవిలోని ఇయర్‌పీసులో అత్తగారిని అడిగాడు.

"ముట్టుకోకండి. ఆ పెట్టె చచ్చిపోతే ఆనకట్టయినా బతకాలని ఎదురుబరువు కట్టారు. పెట్టె ఆగిన మరుక్షణం ఆ బరువు గేటును పైకి లాగేస్తుంది. పగలగొట్టినా అంతే."

"పోనీ, ఆపు అని ఏదైనా టైపు చేస్తే?"

"ఆ భాషలో ఆపు అనే మాట లేదు బాబూ. ఉన్నదాన్ని కొట్టేసే మాటా లేదు. కొత్త నియమం చేర్చగలం, అంతే."

"అయితే చేర్చండి."

పిచ్చుక గీతను చూశాడు. నీళ్ళు ఇప్పుడు దానికి బెత్తెడు దూరంలోనే ఉన్నాయి.

"ఒక నియమం ఉండేది," అందావిడ. "మొదట్లో రాసిన కుర్రాళ్ళు పెట్టారు. లోపల ఎవరి బ్యాడ్జీ అయినా ఉంటే గేటు మూసి ఉండాలని. లోపల ఎందరున్నారో చూసి గాలి పంకాలు తిప్పడానికి ఆ బ్యాడ్జీల కబుర్లు ఎలాగూ పైదాకా వస్తాయి. అది అనవసరమని నేనే నిరూపించి తీసేయించాను. ఖాళీ చచ్చిపోతే చాలు కదా, మళ్ళీ ఇదెందుకని. అది లేకపోతే రుజువు పొట్టిగా, అందంగా వచ్చింది. అందం కోసం తీసేశాను."

"ఇప్పుడు పెడదాం."

"గడియారం చచ్చినచోట నా రుజువు ఒక్కటీ నిలవదు. ఇది పెడితే ఏమవుతుందో నాకు తెలీదు. నిరూపించని నియమం నా జీవితంలో ఒక్కటీ ఏ పెట్టెలోనూ పెట్టలేదు."

"లోపల ఉన్నది బుల్లి, అత్తయ్యా."

ఆవిడ కూతుర్ని పిలుచుకునే ఆ పేరు అతను ఎప్పుడూ వాడలేదు. అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది.

"రాయండి. ముందు జరగాల్సింది, తర్వాత ఎప్పుడు జరగాలో. మీరు మాట్లాడే తీరుకు తలకిందులు, జాగ్రత్త."

"చేతులు పైకెత్తు," అంది వెనకనుంచి ఇంకో గొంతు.

గుమ్మంలో ఆకుపచ్చ గౌను. చేతిలో చిన్న పిస్తోలు, దాని మూతికి పొడుగాటి గొట్టం. పిచ్చుకకు అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. సంపెంగ చెప్పిందంతా నిజమే. అతన్ని ఇక్కడికి రప్పించడానికే చెప్పింది. గేటు లేచాక ఈ గదిలో ఒక శవం దొరకాలి, అది లోపల చచ్చిన ఇంజనీరు మొగుడిదీ, తప్పు రుజువు రాసినావిడ అల్లుడిదీ అయితే, తట్టుకోలేక తనే కాల్చుకున్నాడనుకుంటారు, ఇక ప్రశ్నలే ఉండవు.

"పెట్టె దగ్గరనుంచి పక్కకు జరుగు," అంది సంపెంగ.

ఎందుకు జరగమంటోంది, ఉన్నచోటే కాల్చొచ్చుగా అని అతనికి తట్టింది. జవాబు కూడా వెంటనే తట్టింది. ఈ గేటు దానంతటదే లేచినట్టుండాలి. పెట్టెలో తూటా దిగితే అది రుజువులో తప్పు అనిపించుకోదు, ఎవరో కుట్ర చేశారని తేలుతుంది, రెండు దేశాలూ ఒకటై ముఠా మీద పడతాయి. అతను జరగలేదు. చేతులు ఎత్తలేదు. ఆమెకు వీపు చూపించి, పెట్టెకు రొమ్ము ఆనించి నిలబడ్డాడు.

"చెప్పండి అత్తయ్యా."

"మూసి, పై గేటు," అంది ఇయర్‌పీసు. "తర్వాత, ఒకవేళ."

అతను కొట్టాడు. వెనక హై హీల్స్ చప్పుడు దగ్గరికి వచ్చింది. సంపెంగ పిస్తోలు బెల్టులో దోపుకుని గోడకున్న స్పానర్ తీసింది. మొదటి దెబ్బ కుడి భుజం మీద పడింది. చెయ్యి వేలాడిపోయింది. అతను ఎడం చేత్తో మొదలుపెట్టాడు.

"లోపల, బ్యాడ్జీ. ఏ బ్యాడ్జీ అయినా సరే."

రెండో దెబ్బ వీపు మీద. తెర మసకబారింది, అక్షరాలు రెండేసి కనిపించాయి. పిచ్చుక ఒక్కొక్కదాన్నీ వెతుక్కుని నొక్కాడు. సంపెంగ అతని కాలరు పట్టుకుని వెనక్కి లాగుతోంది, అతను ఎడం కాలును పెట్టె కింది కమ్మీలో మెలేసి పట్టుకున్నాడు.

"లేచే నియమం ఒకటి, మూసే నియమం ఒకటి, ఎదురెదురు పడితే?" అని అరిచాడు.

"మూసేదే గెలుస్తుంది. అదొక్కటీ గడియారంతో పనిలేకుండా నిరూపించాను. ఎంటర్ నొక్కండి బాబూ."

నీళ్ళు ఎర్ర గీతను తాకాయి. గేటు మోటారు గుర్రుమంది. గది నేల వణికింది, ఎక్కడో కింద గొలుసులు బిగుసుకున్నాయి. పిచ్చుక నుదురుతోనే ఎంటర్ మీద పడ్డాడు.

మోటారు ఇంకాస్త గుర్రుమని ఆగిపోయింది.

తెర మీద ఖాళీ అలాగే వెలుగుతోంది. దాని కింద కొత్తగా ఇంకో వరస వచ్చింది: లోపల ఉన్నవారు. మొదటి బ్యాడ్జీ పక్కన అతని భార్య ఉద్యోగం నంబరు. ఆ పెట్టె రెండు పరస్పర విరుద్ధమైన నిజాలను నమ్ముతూ, గేటు మూసుకుని కూర్చుంది. పిచ్చుకకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

వెనక స్పానర్ నేలమీద పడింది. సంపెంగ జుట్టు సర్దుకుని, పిస్తోలు తీసి, మర్యాదగా బల్లమీద పెట్టింది.

"నేను మొదట్నుంచీ మీ వైపే కదా," అంది. "ఆ మాట పెద్దసారుకు నువ్వే చెప్పాలి."

చెబుతానని మాటిచ్చి, పిచ్చుక ఆమె మణికట్లను బెల్టుతో కమ్మీకి కట్టేశాడు. ఒంటి చేత్తో కట్టడం వల్ల ముడి అంత అందంగా రాలేదు.

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ముఠాలో మిగిలినవాళ్ళ చిరునామాలు సంపెంగ ఎంతో ఉత్సాహంగా చెప్పింది. కూతురు సొరంగంలోంచి బురద బూట్లతో బయటికి వచ్చినప్పుడు అత్తగారు ఎదురెళ్ళింది. ఆ హెల్మెట్ విప్పి, జుట్టు నిమిరి, అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత నేరుగా ప్రయోగశాలకు వెళ్ళి తలుపేసుకుంది.

బయటికి వచ్చేసరికి చేతిలో రుజువు ఉంది. అల్లుడు కొట్టిన నియమం పూర్తిగా సరైనదట. లోపల మనుషులుండగా ఆ గేటు ఎప్పటికీ లేవదు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఆగిపోయిన గడియారం ఖాళీ అన్న మాటను ఎలా చావనివ్వలేదో, బ్యాడ్జీ లోపలుందన్న మాటనూ అలాగే చావనివ్వడం లేదు. కాబట్టి మనుషులు లేకపోయినా ఆ గేటు ఎప్పటికీ లేవదు. గడియారం మార్చేస్తే సరిపోతుంది కదా అని ఆనకట్ట వాళ్ళు మొత్తుకున్నారు. మార్చేటప్పుడు ఏ తప్పూ జరగదని నిరూపించేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని అత్తగారు తెగేసి చెప్పింది. ఈసారి ఆవిడ అనుకోవడాలన్నీ ఒక పెద్ద బోర్డు మీద రాసుకుంటోంది, బోర్డు చాలడం లేదు. నీళ్ళు ప్రస్తుతానికి పక్కనున్న పాత అలుగు మీదుగా పోతున్నాయి.

సన్మాన సభకు ఇంజనీరుగారు తప్పక రావాలని మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఉపన్యాసాలు చాలా ఉంటాయట. భుజానికి కట్టుతో ఉన్న పిచ్చుక రిసీవరు మూసి పట్టుకుని, ఏం చెప్పమంటావని భార్యను అడిగాడు. ఆమె సోఫాలో కాళ్ళు ముడుచుకుని కాఫీ తాగుతోంది.

"ఇంకా సొరంగంలోనే ఉన్నానని చెప్పండి," అంది. "నమ్మకపోతే గేటును అడగమనండి."